పాత నెయ్యి జాడీ, అమ్మ నడుము

అమ్మ పడలేదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత తెలిసినవాళ్లందరూ "ఎట్ల పడ్డది?" అనే అడిగారు. బకెట్లో నానబెట్టిన దుప్పటి పిండడానికి వంగిందంతే. నడుములో వేరుశనక్కాయ ఒలిచినట్టు చిన్న చప్పుడు వినబడిందట. "లోపల ఏందో టక్కుమన్నది బిడ్డా" అని నాకు ఫోన్లో చెప్పింది, పక్కింట్లో జరిగిన సంగతి చెబుతున్నట్టు. అప్పటికే అది జరిగి చాలా రోజులైంది. ఆ రోజులన్నీ ఆమె గోడ పట్టుకుని నడుస్తూ, ఎవరైనా చూస్తే చెయ్యి తీసేస్తూ గడిపింది.

దాచడానికి కారణం ఉంది. మాది నేతి వ్యాపారం. శాలిబండలో రోడ్డు మీద దుకాణం, దాని వెనకే ఇల్లు. తాత కాలం నుంచి ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ప్రతివాడూ గిరాకీలకు ఒకే మాట చెప్పాడు: మా నెయ్యి తింటే ఎముకలు ఇనుమైతయి. మా బాపు ఇంకో అడుగు ముందుకేసి, లోపలి గుమ్మంలో కూర్చున్న అమ్మను చూపించి "నమ్మకుంటె ఆమెను చూడుండ్రి" అనేవాడు. అమ్మ కూడా ఆ మాట వచ్చినప్పుడల్లా వీపు నిటారుగా పెట్టి కూర్చునేది. బాపు పోయాక అన్న దుకాణం చూస్తున్నాడు. మాట మారలేదు, చూపించే మనిషీ మారలేదు. అలాంటి మనిషి నడుము పట్టుకుని ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తే చూసినవాళ్లు ఏమనుకుంటారు? అమ్మ భయమంతా అదే.

నాకు ఓపిక తక్కువ. పిల్లలకు జీవశాస్త్రం చెప్పే టీచర్‌కు ఓపిక చాలా ఉండాలంటారు. నాకున్నదంతా ఎనిమిదో తరగతి ఆడపిల్లలే వాడేసుకుంటారు, ఇంటికి మిగలదు. ఆ సాయంత్రమే ఆటో పట్టుకుని శాలిబండ వెళ్లి, అమ్మను లేపి నిలబెట్టి చూశాను. మనిషి పొట్టిగా అయిపోయింది. చీర కుచ్చిళ్లు నేలను ఊడుస్తున్నాయి. ఇంట్లో అందరూ రోజూ చూస్తున్నారు, ఎవరికీ కనబడలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"డాక్టర్‌కు చూపించినవా?" అని అన్నను అడిగాను.

"రోజు పాత నెయ్యి రాస్తున్నం గద చెల్లె. తగ్గుతది" అన్నాడు.

పాత నెయ్యి అంటే ఏమిటో చెప్పాలి. మా ఇంట్లో దేవుడి అర కింద ఒక పింగాణీ జాడీ ఉంటుంది. అందులోది మా నాయనమ్మ కాలం నాటి నెయ్యి. నెయ్యి ఎంత పాతబడితే అంత మందు అని మావాళ్ల నమ్మకం. అడుగంటుతున్న కొద్దీ, దుకాణంలో కనరు వాసన వచ్చి అమ్ముడుపోని నెయ్యిని తమలపాకు వేసి మళ్లీ కాచి ఆ జాడీలో పోస్తారు. ఏడాదికోసారి జాడీలోదంతా తీసి మళ్లీ మరిగించి మళ్లీ పోస్తారు. దగ్గొస్తే ఛాతీకి, కీళ్లు పట్టేస్తే మోకాలికి అదే రాస్తారు. వాసన మాత్రం పాత ఇనప సామాన్ల కొట్టు వాసన. చిన్నప్పుడు ఆ జాడీ మూత తీస్తే నేను పెరట్లోకి పరిగెత్తేదాన్ని.

అన్న చెప్పింది సగమే. మిగతా సగం వదిన చెప్పింది. అమ్మ దాన్ని రాసుకోవడమే కాదు, రోజూ పొద్దున్నే వేడినీళ్లలో వేసుకుని తాగుతోంది. కీళ్లలో జిగట తగ్గితే నెయ్యే పోయాలి కదా మరి.

మరుసటి రోజే అమ్మను సైదాబాద్‌లో మా ఇంటి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎముకల డాక్టర్ ఒక ఆవిడ. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. మెత్తగా మాట్లాడుతుంది, మెత్తగానే మనిషిని కూల్చేస్తుంది. ఎక్స్‌రే చూసి, ఎముక సాంద్రత కొలిచే స్కాన్ తీయించి, అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది.

"వెన్నెముకలో ఒక పూస నలిగిపోయిందమ్మా. పడకుండానే నలిగిందంటే ఎముకలు బాగా గుల్లబారాయన్నమాట. ఇది మానుతుంది. నా భయం దీని గురించి కాదు. ఈసారి తుంటి విరిగితే మళ్లీ లేచి నడవడం కష్టమవుతుంది. ఆరునెలలకోసారి ఒక ఇంజెక్షన్ ఇస్తాను. అంతకన్నా ముందు డి విటమిన్ పెరగాలి, అది అడుక్కి పోయింది. కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే ఉందండి."

చివరి మాట నా వైపు తిరిగి అన్నది. అమ్మ ఇంజెక్షన్ మాట దగ్గరే ఆగిపోయింది.

"గోలీలిస్తె మింగుత. సూది వద్దు డాక్టరమ్మా" అన్నది.

"ఎందుకు వద్దు?"

"నెయ్యి తిన్న పెయ్యికి సూదేంది? మా దుకాణం ముంగట అందరు నడుస్తరు. ఒక్కనికి తెలిస్తె బజారంత తెలుస్తది."

డాక్టర్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు, పెయ్యి అంటే ఒళ్లని కూడా. నేను అర్థం చేయించలేదు కూడా, సిగ్గేసింది. వారానికోసారి వేసుకునే డి విటమిన్ గుళికలు రాయించుకుని బయటపడ్డాం. ఆటోలో అమ్మ ప్రతి గుంతకూ కళ్లు మూసుకుంటోంది. ఆటో దడేల్‌మన్నప్పుడల్లా ఎక్కడ టక్కుమంటుందోనని నేను చెవులు రిక్కించి కూర్చున్నాను.

ఆ రోజు నుంచి నాకు కుదురు పోయింది. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. బళ్లో తరగతి మధ్యలో ఆగిపోయి కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. అమ్మ ఇప్పుడు మెట్టు ఎక్కుతుందేమో, దుప్పటి పిండుతుందేమో, తడి నేల మీద నడుస్తుందేమో. పూటకోసారి ఫోన్ చేసి "కూసున్నవా, నిలబడ్డవా?" అని అడిగేదాన్ని. "పండుకున్న, నువ్వు చేస్తె లేచిన" అనేది అమ్మ. అది విని ఇంకా కోపం వచ్చేది. నా మీదో, ఆమె మీదో తెలిసేది కాదు.

కుదురు లేని మనిషి చేతిలో ఫోన్ ఉంటే ఏం చేస్తుంది, చదువుతుంది. స్టాఫ్‌రూంలో, ఆటోలో, కుక్కర్ కూత కోసం చూస్తూ చదివాను. ఎముక అంటే గోడలో రాయి లాంటిది కాదని నాకు తెలుసు, పిల్లలకు చెబుతాను కూడా. ఎముకను ఒక రకం కణాలు కడుతూ ఉంటాయి, ఇంకో రకం కూలుస్తూ ఉంటాయి. కట్టేవి తగ్గి కూల్చేవి పెరిగితే ఎముక గుల్ల. కొత్తగా తెలిసింది ఏమిటంటే, ఈ లెక్కలో కొలెస్ట్రాల్ చేయి ఉందట. కొలెస్ట్రాల్ కాదు, దాని నుంచి పుట్టేవి. కొలెస్ట్రాల్‌కు ప్రాణవాయువు తగిలి మారిన పదార్థాలను ఆక్సిస్టెరాల్స్ అంటారు. వాటిలో ఒకదాన్ని మన ఒళ్లే తయారు చేస్తుంది. ఎలుకల్లో అది ఎక్కువైతే ఎముక కట్టే పని మందగించి, కూల్చే పని జోరందుకుందని రాశారు. ఆడవాళ్లలో ఎముకను కాపాడే హార్మోన్ ఉంది చూడండి, ముట్లుడిగాక తగ్గిపోయేది, దాని దారికి కూడా ఇది అడ్డం పడుతుందట. ఇక మిగతా రకాలు ఎక్కడ పుడతాయి? నిలవ ఉన్న కొవ్వులో, మళ్లీ మళ్లీ మరిగించిన కొవ్వులో. ఉదాహరణకు, నెయ్యిలో.

అక్కడ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దొంగ దొరికాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టేశాను. దేవుడి అర కిందే జాడీలో కూర్చున్నాడు. అక్కడే, రాసినవన్నీ ఎలుకల మీద అని, మనుషుల్లో ఇంకా తేలలేదని, తిన్న ఆక్సిస్టెరాల్ ఒంట్లో ఎంత నిలుస్తుందో కచ్చితంగా తెలియదని ఉంది. అది కూడా చదివాను. చదివి పక్కకు తోసేశాను. నాకు అప్పుడు కావలసింది ముద్దాయి.

బడి నుంచి నేరుగా శాలిబండ వెళ్లాను. దుకాణంలో అన్న ఒక పాత గిరాకీకి నెయ్యి తూస్తున్నాడు. బిర్యానీ వంటలు ఒప్పుకునే పెద్దాయన, నా చిన్నప్పటి నుంచి వస్తున్నాడు. ఆయన లోపలి గుమ్మం వైపు చూసి, అమ్మ కనబడటం లేదేమని అడుగుతున్నాడు.

"అమ్మాజీ నై దిఖ్‌రే, కైకూ?"

"జర కమర్ పకడ్ లియా చచా, బస్" అన్నాడు అన్న.

"నడుము పట్టుకోలేదు, విరిగింది" అన్నాను నేను, గట్టిగా.

పెద్దాయన నెయ్యి డబ్బా అక్కడే పెట్టి "యా అల్లా" అన్నాడు. అన్న ముఖం మాడిపోయింది. ఆయన దువా చేస్తానని చెప్పి వెళ్లేదాకా ఆగి, అన్న మొదలుపెట్టాడు.

"గిరాకీ ముంగట ఏం లొల్లి ఇది?"

"ఆ పాత నెయ్యే అమ్మ ఎముకలను తింటున్నది. కాచి కాచి దాంట్ల ఏమేం పుట్టినయో నీకెరుకనా?"

"మా నెయ్యి మీద పడ్డవా ఇగ? తాత తిన్నడు, బాపు తిన్నడు. వాళ్ల ఎముకలకేమైంది?"

"వాళ్లు మొగోళ్లు. ముందు తాజాది తిన్నరు. కనరుపట్టింది ఎవరు తిన్నరు? అమ్మ తిన్నది. ఇంట్ల ఎవరు కాదంటె అది అమ్మ పళ్లెంలకే వచ్చింది."

ఇది నిజం. మా ఇంట్లో మంచి సరుకు దుకాణానికి, మిగిలింది వంటింటికి, వంటింట్లో మిగిలింది అమ్మకు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, మార్చాలని ఎవరికీ తోచలేదు. అన్న కాసేపు తక్కెడ తుడిచాడు. తర్వాత తలెత్తకుండానే "నువ్వు కాలేజీల చేరినప్పటి సంది నెయ్యి ముట్టలే. చదువుకున్నదానివి. నీకేమైనా ఇనుమెముకలున్నయా?" అన్నాడు.

నేను లోపలికి వెళ్లి జాడీ ఎత్తుకున్నాను. వదిన "అయ్యో, దేవుని అర కిందిది" అని గొణిగింది. అమ్మ మంచం మీద నుంచి చూసింది. జాడీని చీర కొంగులో చుట్టి, ఫలక్‌నుమా వైపు నుంచి వస్తున్న షేర్ ఆటో ఒకటి ఆపి ఎక్కాను. రెండు మలుపులు తిరిగేసరికి పక్కన కూర్చున్నామె ముక్కు మూసుకుని "క్యా హై ఆపా ఉస్మే?" అని అడిగింది. "దవా" అన్నాను, మందని. ఆమె డ్రైవర్ పక్కకు మారి కూర్చుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది, దుత్త ఒళ్లోనే ఉంది.

ఆ సాయంత్రం అమ్మ తనే ఫోన్ చేసింది.

"జాడీ పారబోసినవా?"

"పోస్త."

"పారబొయ్యి. కాని నేనొకటి అడుగుత. సూదికి వస్త, నువ్వు చెప్పిన రోజే వస్త. ముందు నువ్వు ఆ మిషన్ కింద పండు."

"నాకెందుకు?"

"రెండు సరుకులు పక్కపక్కకు పెట్టి చూడకుండ ఎవడన్న బేరం చేస్తడా? నెయ్యి తిన్న ఎముక చూసినం. నెయ్యి తినని ఎముక ఎట్లుంటదో నేను చూడాలె. మంచిగుంటె నీ మాట ఖరారు. నేనే చెప్త మీ అన్నకు, దుకాణంల ఇనుము మాట బంద్ చెయ్యమని."

ఎంత వ్యాపారి! నాకు నవ్వొచ్చింది. అంతలోనే తేలిగ్గా అనిపించింది. ఇంత సులువుగా ఒప్పుకుంటుందని అనుకోలేదు. నా ఎముకల గురించి నాకేం బెంగ లేదు. నెయ్యి లేదు, వెన్న లేదు, పాలు వాసన వస్తాయని పాలూ లేవు, లావవుతానని పెరుగూ అంతంతమాత్రం. నిటారుగా నడుస్తాను, మెట్లు దడదడ ఎక్కుతాను. స్కాన్ తీయించుకుంటూ కూడా, ఇది అయిపోగానే అమ్మకు ఇంజెక్షన్ అని, అమ్మ లేచి తిరుగుతుందని అనుకుంటూ పడుకున్నాను. స్కాన్ చేసే అమ్మాయి "మేడం, కాళ్లు కదపొద్దు" అని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అమ్మకు ఇంజెక్షన్ ఇవ్వాల్సిన రోజునే నా స్కాన్ కూడా డాక్టర్‌కు చూపించాలని పెట్టుకున్నాం. గుళికలతో అమ్మకు డి విటమిన్ పెరిగింది. కొంచెం రంగు కూడా వచ్చింది. వదిన రోజూ ఆమెను డాబా మీదికి తీసుకెళ్లి ఎండలో కూర్చోబెడుతోందట. డాక్టర్ గదిలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నేను ఊరుకోలేక, చదివిందంతా ఏకరువు పెట్టాను. ఆక్సిస్టెరాల్స్, జాడీ, మళ్లీ మళ్లీ కాచడం, అన్నీ.

డాక్టర్ విన్నది. "మీరన్నది కొట్టిపారేసేది కాదండి. ఆ నెయ్యి మానేయడమే మంచిది, గుండెకైనా మంచిది. కానీ అమ్మగారి ఎముక దానివల్లే పోయిందని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కొలెస్ట్రాల్ కుటుంబం పెద్దదండి. ఎముకను తినేది అందులో ఉంటే, ఎండ తగిలినప్పుడు చర్మంలో డి విటమిన్‌గా మారేది కూడా దాని దగ్గరి చుట్టమే. ఎముకను కాపాడే హార్మోన్ పుట్టేదీ దాన్నుంచే. ఒక్కదాన్ని పట్టుకుని నేరం మోపితే కుదరదు" అన్నది.

నేను నోరు తెరిచేలోపు నా స్కాన్ వైపు తిరిగింది. కళ్లజోడు సర్దుకుంది. ఆ సర్దుకోవడం నాకు నచ్చలేదు.

"మీకు ముట్లు ఎప్పుడు ఆగాయండి?"

చెప్పాను. అందరికన్నా ముందే ఆగాయి. అప్పుడు పీడా పోయిందని సంతోషించాను.

"పాలు, పెరుగు?"

చెప్పాను.

"ఎండలో తిరుగుతారా?"

బండి మీద వెళ్తే ముఖానికి చున్నీ, చేతులకు తొడుగులు. బడికి వెళ్తే లోపలే. ఎండ అంటే నాకు నల్లబడటమే. అది కూడా చెప్పాను, గొంతు తగ్గించి.

"వెన్నెముక అమ్మగారిదాని కంటే ఏం పెద్ద మెరుగ్గా లేదండి. మీ వయసుకు ఇది చాలా తక్కువ. ఇంకా విరగలేదు, అదే అదృష్టం. రక్త పరీక్షలు కొన్ని చేయించి మందు మొదలుపెడదాం" అన్నది.

నాకు ముందు భయం వేయలేదు, అవమానం అనిపించింది. ఇప్పుడు అమ్మ గెలిచింది. నెయ్యి తినని ఎముకా గుల్లే. బేరం రద్దు, సూది రద్దు, ఇంటికి వెళ్లి మళ్లీ గుమ్మంలో వీపు నిటారుగా పెట్టి కూర్చుంటుంది, ఏదో ఒక పొద్దున తుంటి విరుగుతుంది. ఆమె వైపు చూడటానికి కూడా ధైర్యం చాలలేదు.

చూస్తే, అమ్మ ఏడుస్తోంది. తన నడుము విరిగినప్పుడు ఏడవలేదు, ఆటో గుంతల్లో ఏడవలేదు. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"నాదే తప్పు బిడ్డా. నువ్వు కడుపుల ఉన్నప్పుడు ఇంటికొచ్చే పాలన్ని నెయ్యికే పోతుండె. మీగడ అంత దుకాణానికే. నాకు చుక్క మిగలకపోతుండె. అడిగితె ఏమంటరో అని నేను అడగలే. నీకు ఎముక ఎక్కడికెల్లి రావాలె?"

"అట్ల కాదమ్మా" అన్నాను.

"అట్లనే. నేనే నీకు గుల్ల ఎముకలిచ్చిన."

"కాదంటున్న కదా!" అరిచాను. తలుపు దగ్గర నర్సు ఆగిపోయింది. "నువ్వు కాదు. నెయ్యి కాదు. ఎవ్వరు కాదు. డాక్టరమ్మ చెప్పింది వినలేదా? ఒక్కదాని మీద నేరం మోపొద్దన్నది కద!"

నా గొంతు నాకే విచిత్రంగా వినిపించింది. కాసేపటి కింద అదే మాట డాక్టర్ అంటే నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు అమ్మ తన మీద వేసుకుంటే భరించలేకపోయాను. అమ్మ ముక్కు తుడుచుకుంది. నా ముఖంలోకి చాలాసేపు చూసింది, సరుకు చూసినట్టే.

"భయమైతున్నదా?" అని అడిగింది.

"అయితున్నది" అన్నాను. ఇన్ని రోజుల తిరుగుడుకు అసలు పేరు అదేనని అప్పుడే తెలిసింది.

అమ్మ డాక్టర్ వైపు తిరిగింది. "సూది ఇయ్యి డాక్టరమ్మా. దుకాణం సంగతి మావోడు చూసుకుంటడు. దీని రక్తం గూడ ఇప్పుడే తియ్యుండ్రి, ఇంటికి పోతె మల్ల రాదిది. రేపు ఇద్దరం ఒక్కసారే పడితె ఎవర్ని ఎవరు లేపాలె?"

అంటూ రవిక చేయి పైకి మడిచి, సన్నని చేతిని బల్ల మీదికి చాపింది. చాపి, నా వైపు చూస్తూ ఆగింది. నేను కూడా చాపాను.